ఏటీ ఇనబడ్నేదంటే చాలదు, ఎక్కడ కూర్చున్నారో చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

దసరా నుంచి సంక్రాంతి దాటేదాకా మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఏదో ఒక వీధిలో స్టేజీ కట్టే ఉంటుంది. పైడితల్లి సిరిమాను రోజుల కార్యక్రమాలు, గ్రామదేవతల సంబరాలు, కార్తీకంలో హరికథలు, పండక్కి పద్యనాటకాలు, తప్పెటగుళ్లు. ఎక్కడైనా మైకుల శబ్దాన్ని కలిపి సర్దే మిక్సరు దగ్గరకు ఒకరి వెనక ఒకరు వచ్చి చెప్పే మాటలు ఇంచుమించు ఒకటే. "బాబూ, ఎనకాల ఏటీ ఇనబడ్నేదు, సౌండు పెంచు." "బేసు సాల్నేదు." "కూసింత ఎకో కలుపు." పది నిమిషాలు తిరక్కుండానే ముందు వరస నుంచి ఇంకొకరు వచ్చి చెవులు చిల్లులు పడుతున్నాయి, తగ్గించమంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఇద్దరి చెవులూ బాగానే ఉన్నాయి. వాళ్లు చెప్పే మందు మాత్రం చాలాసార్లు ఆ జబ్బుకు పనికిరాదు. ఎందుకు పనికిరాదో, ఏం చెబితే పనికొస్తుందో మైకు సెట్ల పని చేసేవాళ్లం కొందరం కలిసి రాస్తున్నాం. కమిటీల వారు స్టేజీ కట్టించకముందే చదువుతారని ఆశ.

ముందు "పెంచు" సంగతి. ఆరుబయట మామూలు బాక్సు నుంచి దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది. బాక్సుకు 5 మీటర్ల దూరంలో చాప మీద కూర్చున్న పిల్లలకు 95 అందుతుంటే, 40 మీటర్ల అవతల కిళ్లీ బడ్డీ దగ్గర నిలబడ్డవారికి 77 అందుతుంది. అక్కడ జనరేటరు మోత, బళ్ల హారన్లు, కబుర్లు కలిసి అంతకు అంత ఉంటే పద్యం అందులో కలిసిపోతుంది. వెనకవారి కోసం 10 డెసిబెల్స్ పెంచితే పిల్లల చెవిలో 105 పడుతుంది. పనిచేసే చోట వినికిడి దెబ్బతినకుండా అమెరికాలోని నియోష్ సంస్థ వేసిన లెక్క ఇది: 85 దగ్గర 8 గంటలు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగం. 100 దగ్గరకు వచ్చేసరికి 15 నిమిషాలే మిగులుతుంది. 105 అయితే అయిదు నిమిషాలు కూడా లేదు. నాటకం చూస్తే మూడు గంటలు.

పైగా ఆ 10 డెసిబెల్స్ ఊరికే రావు. చెవికి రెట్టింపు గట్టిగా అనిపించాలంటే వాట్లు పదింతలు కావాలి. 500 వాట్ల దగ్గర నడుస్తున్న సెట్టు 5,000 ఇవ్వాలి. అంత ఓపిక లేని ఆంప్లిఫయర్ మీద నాబ్ తిప్పితే మాట చీలిపోతుంది, కాసేపటికి బాక్సులో సన్నని శబ్దాలు పలికే ట్వీటరు కాలిపోతుంది. అప్పుడు వెనకవారికి ఇంకా తక్కువ అర్థమవుతుంది, ఇంకా పెంచమంటారు.

వెనకవారి బాధకు మందు రెండు చోట్ల ఉంది. మొదటిది బాక్సు ఎత్తు. స్టేజీ అంచున తల ఎత్తులో పెట్టిన బాక్సు ముందు నాలుగు వరసల మనుషులకే తగిలి ఆగిపోతుంది. బాక్సు పైభాగంలో మాటను పలికే హారన్ నేల నుంచి 9, 10 అడుగుల ఎత్తున ఉండి, కాస్త కిందికి వంగి చివరి వరసలను చూస్తుంటే ముందువారి తలల మీదుగా శబ్దం దాటిపోతుంది. ముందుకూ వెనక్కూ తేడా కూడా తగ్గుతుంది. అందుకు గట్టి స్టాండు గానీ, కర్రలతో కట్టిన మంచె గానీ కావాలి. ప్లాస్టిక్ కుర్చీల మీద ఎక్కించిన బాక్సు ఎవరి నెత్తినైనా పడుతుంది.

రెండోది మధ్యలో ఇంకో జత బాక్సులు. ఇవి పెట్టగానే "మాట రెండుసార్లు ఇనిపిస్తంది" అని ఫిర్యాదు వస్తుంది. అది సరైన ఫిర్యాదే. మన ఊరి 30 డిగ్రీల వేడిలో శబ్దం సెకనుకు 349 మీటర్లు పోతుంది. అంటే స్టేజీ బాక్సు నుంచి 35 మీటర్లు రావడానికి సెకనులో పదో వంతు, 100 మిల్లీసెకన్లు పడుతుంది. వైరులో కరెంటుకు ఆ ఆలస్యం లేదు. మధ్య బాక్సు మాట ముందు పలికి, స్టేజీ బాక్సు మాట తరవాత వచ్చి తగులుతుంది. మిక్సరులో ఆ జతకు 100 మిల్లీసెకన్ల డిలే పెట్టి, దానికి ఇంకో 10, 15 కలిపితే మాట స్టేజీ మీద నుంచే వస్తున్నట్టు ఉంటుంది. దూరాన్ని అడుగులు వేసి కొలవకూడదు, టేపు పెట్టాలి. "మాట రెండుసార్లు" అని చెప్పే శ్రోత ఏ స్తంభం దగ్గర నిలబడ్డారో కూడా చెబితే దిద్దడం రెండు నిమిషాల పని.

అసలు "ఇనబడ్నేదు" అనే మాటకు ఎక్కువసార్లు అర్థం "మాట తెలియడం లేదు" అని. ఈ రెండూ వేరు. పలుకులో బలమంతా అచ్చుల్లో, కింది స్థాయుల్లో ఉంటుంది. క ఏదో త ఏదో ప ఏదో పోల్చుకునే గుర్తులు 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) మధ్య సన్నగా ఉంటాయి. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది. పద్యంలో నటుడు ఆ చివరి అచ్చునే పట్టుకుని రాగం తీస్తాడు. రేకుల షెడ్డులోనో టైల్స్ వేసిన కల్యాణ మండపంలోనో ఆ అచ్చు మోగుతూనే ఉంటే, తరవాతి మాట మొదటి హల్లు అందులో మునిగిపోతుంది. దీనికి సౌండు పెంచితే మోత పెరుగుతుంది, మాట అలాగే మునిగి ఉంటుంది. చేయాల్సింది వేరు. మాట మైకుల్లో 100 హెర్ట్జ్ కిందదంతా కోసేయాలి. 250, 400 మధ్య 3, 4 డెసిబెల్స్ దించాలి. అప్పటికీ చాలకపోతే 3,000 దగ్గర 2 డెసిబెల్స్ ఎత్తాలి. అంతకు మించితే స, శ, చ చెవిలో ముల్లులా గుచ్చుకుంటాయి. ఇది చేసినప్పుడు మొత్తం శబ్దం రవ్వంత తగ్గుతుంది, మాట తేటపడుతుంది. బేసు పెంచమనడం, ఎకో కలపమనడం సరిగ్గా దీనికి ఎదురు. సినిమా పాటకు బేసు అందం. సుప్రసిద్ధమైన పద్యాన్ని కంఠతా వచ్చినవారు ఎకోలో కూడా గుర్తుపడతారు. మొదటిసారి వింటున్న పిల్లవాడికి ఏం తెలుస్తుంది?

చెట్లకూ స్తంభాలకూ కట్టే గొట్టాల విషయంలో బేసు కోరడం మరీ కష్టం. ఆ ఆకారంలో గొట్టం సుమారు 300 హెర్ట్జ్ కింద పలకదు. బేసు నాబ్ తిప్పితే కొత్త శబ్దమేమీ రాదు, లోపలి డయాఫ్రం అదిరి చిరుగుతుంది.

ఇక కూత. మైకులోంచి బాక్సుకు వెళ్లిన శబ్దం తిరిగి అదే మైకులో పడి, తిరిగిన ప్రతిసారీ పెరుగుతూ పోతే కీచుమంటుంది. జనం ఒక్కసారిగా అరుస్తారు, స్టేజీ మీద ఎవరో ఒకరు చటుక్కున మైకు జాలీని గుప్పిట్లో మూసేస్తారు. అప్పుడు కూత రెండింతలవుతుంది. పాట మైకుకు జాలీ వెనక చిన్న కంతలుంటాయి. వెనక నుంచి వచ్చే శబ్దాన్ని వదిలేసి ముందున్న నోటినే వినేలా చేసేవి అవే. వాటిని మూస్తే మైకు అన్ని దిక్కులా వింటుంది, కళాకారులు తమ గొంతు తాము వినడానికి స్టేజీ మీద పెట్టే మానిటర్ బాక్సును కూడా. కూత వచ్చినప్పుడు స్టేజీ మీదివారు చేయాల్సింది మైకును నోటి దగ్గరే ఉంచి, బాక్సులకు ఎదురు కాకుండా తిరగడం. బాక్సు ముందుకు నడిచి వెళ్లి ప్రసంగించడం, అయిపోగానే మైకును మానిటర్ మీద బోర్లా పెట్టడం, ఈ రెండే సగం కూతలకు మూలం.

మిగతా సగం దూరం వల్ల. నోటికి జానెడు దూరంలో పట్టుకున్న మైకును నాలుగు వేళ్ల దూరానికి తెస్తే సుమారు 10 డెసిబెల్స్ కలిసొస్తుంది. పైన చెప్పిన పదింతల వాట్లు ఇవే, పైసా ఖర్చు లేకుండా. అందుకే ఊరి పెద్దలు మాట్లాడుతుండగా "సౌండు పెంచు" అని మా వైపు కేక వేసే బదులు, కమిటీలో ఒకరు స్టేజీ ఎక్కి "కాస్త దగ్గరగా మాట్లాడండి బాబుగారూ" అని చెబితే పని అయిపోతుంది. ఆ మాట మేం చెప్పలేం, చెప్పినా బాగుండదు.

తెరిచి ఉన్న మైకుల లెక్క కూడా చూడాలి. మైకులు రెట్టింపైన ప్రతిసారీ కూత రాకుండా పెంచగలిగే హద్దు 3 డెసిబెల్స్ తగ్గుతుంది. ఒక్క మైకుకు బదులు ఎనిమిది తెరిస్తే 9 డెసిబెల్స్ పోయినట్టే. "పెద్దలందరి ముందూ తలో మైకు పెట్టండి" అనే సలహా మర్యాదగా కనిపిస్తుంది, సభను మింగేస్తుంది. రెండు మైకులు చాలు.

మన కళల దగ్గరకు వస్తే ఈ సలహాల తీరు ఇంకా సూక్ష్మంగా ఉంటుంది. తప్పెటగుళ్లలో గుండెకు కట్టిన తప్పెటలు, కాళ్ల గజ్జెలు పదిహేను ఇరవై మందివి కలిసి ఏ మైకూ లేకుండానే వీధి చివరిదాకా పోతాయి. "గుళ్లకు మైకు పెట్టు" అంటే పాట చచ్చిపోతుంది. మైకు కావలసింది పాట అందుకునే గురువుకూ వంతవారికీ. ముందువైపు రెండు మైకులు, స్టాండ్లు పలకల స్టేజీ మీద కాకుండా నేల మీద, 120 హెర్ట్జ్ కింద కోత. స్టాండు పలక మీద ఉంటే ఎగిరిన ప్రతి ఎగురుకూ బాక్సులో దుబ్బుమంటుంది. బుర్రకథలో కథకుడు అడుగులు వేస్తూ ముందుకు వస్తాడు, గుమ్మెటవారు ఇటూ అటూ నిలబడతారు. కథకుడికి కాలరు మైకు పెడితే తంబురా ఆడినప్పుడల్లా బట్టకు రాసుకుంటుంది, చెవికి తగిలించే మైకు మేలు. హరికథలో చిరతల దెబ్బ గొంతు కంటే ఎంతో పదునైనది. మైకు నుదుటి ఎత్తు నుంచి కిందికి చూస్తుంటే చిరతలు నేరుగా అందులో పడతాయి. గడ్డం కింద నుంచి నోటి వైపు పైకి చూసేలా పెడితే గొంతు ముందుకొస్తుంది. పద్యనాటకంలో హార్మోనియం మైకు గాలి వచ్చే బెల్లోస్ దగ్గర కాకుండా రీడ్ల పైన జానెడు ఎత్తులో ఉండాలి.

ఈ ప్రాంతంలో వినేవారికి చెవి ఉంది. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్‌గా సంగీత కళాశాల మొదలైన ఊరు విజయనగరం, తరవాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఆ పీఠంలో కూర్చున్నారు. కచేరీల్లో మాకు అందే అత్యుత్తమ సలహాలు ఇక్కడివారివే. "శ్రుతి పెట్టె అందడం లేదు", "మృదంగం ఎడమ వైపు నాదం రావడం లేదు", "వయొలిన్ కింది తీగ మోగుతోంది, పై తీగ గీస్తోంది". ఇలాంటి మాట వస్తే చేతికి దారి తెలుస్తుంది. వీటిలో ఏ నాబ్ తిప్పాలో లేదు, ఏది వినిపించడం లేదో ఉంది.

హాళ్ల గురించి ఒక్క ముక్క. సాయంత్రం 5 గంటలకు ఖాళీ హాల్లో నిలబడి "ఇలాగే ఉంచండి, బాగుంది" అనేవారి మాట 7 గంటలకు చెల్లదు. జనమూ బట్టలూ పై స్థాయుల శబ్దాన్ని పీల్చుకుంటాయి. నిండిన హాలు వేరే హాలు. ఫోనులో రికార్డు చేసి చూపించడం కూడా సాక్ష్యం కాదు. ఫోను శబ్దాన్ని తనంతట తానే పెంచుకుంటుంది, తగ్గించుకుంటుంది, గట్టి శబ్దాన్ని నలిపేస్తుంది.

ప్రమాదకరమైన సలహా ఒకటుంది, దాని మీద మేం గట్టిగా మాట్లాడక తప్పదు. బాక్సుల్లో "గుయ్" మని మోత వస్తే కాస్త కరెంటు పని తెలిసినవారు వచ్చి "ఎర్తు పిన్ను తీసేయండి, పోద్ది" అంటారు. నిజమే, పోతుంది. దాంతో రక్షణ కూడా పోతుంది. ఆంప్లిఫయర్‌లోనో కీబోర్డు అడాప్టర్‌లోనో లీకు ఉంటే ఆ కరెంటు గాయకుడి పెదవి నుంచి ఇనప మైకులోకి దారి వెతుక్కుంటుంది. మోతకు కారణం సాధారణంగా రెండు వేర్వేరు చోట్ల నుంచి కరెంటు తీసుకోవడం. రెండు ఎర్తుల మధ్య తేడా సిగ్నల్ వైరు మీదుగా తిరిగి 50 హెర్ట్జ్ మోత అవుతుంది. మిక్సరు, ఆంప్లిఫయర్లు, స్టేజీ మీది వాద్యాలు అన్నీ ఒకే బోర్డు నుంచి తీసుకోవాలి. కీబోర్డుకు, వాద్యం సిగ్నల్‌ను మిక్సరుకు తగ్గట్టు మార్చే డీఐ బాక్సు పెట్టి దాని మీదున్న గ్రౌండ్ లిఫ్ట్ మీట నొక్కాలి. అది తెంచేది సిగ్నల్ వైరు గ్రౌండును, ప్లగ్గు ఎర్తును కాదు. సీరియల్ లైట్లు, డిమ్మర్లు వేరే ఫేజు మీద ఉండాలి. మైకు వైరు కరెంటు వైరును దాటవలసి వస్తే అడ్డంగా దాటాలి, పక్కపక్కనే పరుగెత్తకూడదు.

జనరేటరు వచ్చాక ఏదీ తగిలించకముందు మూడు కొలతలు తీయాలి: ఫేజు నుంచి న్యూట్రల్‌కు 230 వోల్టుల చుట్టుపక్కల, ఫేజు నుంచి ఎర్తుకు ఇంచుమించు అంతే, న్యూట్రల్ నుంచి ఎర్తుకు రెండు మూడు వోల్టులు మించకుండా. మూడు ఫేజుల సరఫరాలో న్యూట్రల్ వదులైతే 230 రావలసిన చోట 400 దాకా లేచి సెట్టంతా బూడిదవుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు తుపానుల కాలం. కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపుల ట్రిప్పు స్విచ్ లేకుండా తడి నేల మీద స్టేజీ నడపమని ఎవరూ ఒత్తిడి చేయకండి. కళింగపట్నం, బారువ లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో వచ్చే కరకర శబ్దానికి కారణం చాలాసార్లు ఉప్పు గాలికి కిలుం పట్టిన జాక్కు (వైరు తగిలించే పిన్ను). అది తుడిస్తే పోతుంది, సౌండు తగ్గిస్తే పోదు.

చుట్టుపక్కల ఇళ్లవారి మాట కూడా సలహాయే. "ఇంట్లో చంటిపిల్ల ఉంది, ఆ గొట్టం అటు తిప్పండి" అంటే ఆ క్షణమే తిప్పాలి, అందులో చర్చ లేదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం లౌడ్ స్పీకర్‌కు రాతపూర్వక అనుమతి ఉండాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట వాడకూడదు. పండగలకు రాష్ట్ర ప్రభుత్వం 12 దాకా సడలింపు ఇవ్వవచ్చు, అదీ ఏడాదికి 15 రోజులకు మించకుండా. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం. "ఇంకో గంట నడపండి, మేం చూసుకుంటాం" అని మిక్సరు దగ్గర చెప్పేవారు కనబడరు, సెట్టు మాత్రం స్టేషనుకు వెళుతుంది.

మరి సలహా ఎలా ఇవ్వాలి? మూడు ముక్కలు చాలు: ఎక్కడ కూర్చున్నారు, ఎవరి గొంతు, ఏమైంది. "ఎడమ వైపు వేపచెట్టు కింద, ద్రౌపది వేషం మాట ముద్దగా ఉంది" అంటే అది బంగారం. అది కూడా పద్యానికీ పద్యానికీ మధ్య. పద్యం నడుస్తుండగా మా చేయి శబ్దాన్ని ఎక్కించి దించే ఫేడర్ మీద, కన్ను నటుడి మీద ఉంటాయి. రెక్క పట్టుకుని లాగితే తరవాతి పాత్ర మైకు తెరవడం ఆలస్యమవుతుంది, మొదటి మాట పోతుంది. ఆ మొదటి మాట పోయినప్పుడు మాత్రం "మైకు!" అని ఎక్కడి నుంచైనా ఎవరైనా అరవవచ్చు, అది ఎప్పుడూ సరైన సలహాయే. చెయ్యి చాపి మిక్సరు ముట్టుకోవడం వద్దు. మైకు నుంచి లోపలికి వచ్చే శబ్దాన్ని పెంచే గెయిన్ నాబ్ ఒక్క చుట్టు తిప్పినా బయటి బాక్సులతో పాటు స్టేజీ మానిటర్లు కూడా పెరుగుతాయి, కూత ఖాయం.

మేం చెప్పించుకోవలసిన అవసరం కూడా నిజంగా ఉంది. రెండు మూడు గంటలు గట్టి శబ్దంలో కూర్చున్న చెవి మొద్దుబారుతుంది, తెలియకుండానే పై స్థాయులు ఎక్కిస్తూ పోతుంది. అప్పుడే బయట నుంచి నడిచి వచ్చినవారి చెవి మా చెవి కంటే నిజం. అందుకని కమిటీ ఒక్క మనిషిని కేటాయించాలి. అరగంటకోసారి వెనక వరసలు, రెండు పక్కలు తిరిగి, జనం చెప్పింది పోగుచేసి, ఒక్కరే వచ్చి చెప్పాలి.

అన్నిటికంటే ముందు మిక్సరుకు చోటివ్వాలి. స్టేజీ పక్కనో వెనకో కూర్చోబెడితే మాకు వినిపించేది బాక్సు వీపు, అప్పుడు వెనకవారు చెప్పిందల్లా గుడ్డిగా నమ్మడం తప్ప దారి లేదు. స్టేజీకి ఎదురుగా, జనం మధ్య, చివరి గోడకు ఆనకుండా, బాల్కనీ కిందికి పోకుండా ఎనిమిది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు చోటు, చుట్టూ నడుమెత్తు తాడు, పైన ఒక టార్పాలిన్. పది పన్నెండు కుర్చీల చోటు పోతుంది. ముఖ్య అతిథుల వరస ఒక మూరెడు జరపవలసి రావచ్చు.

మూడు రోజుల సంబరాలైతే మొదటి రాత్రి కార్యక్రమం అయ్యాక ఇళ్లకు వెళ్లే ముందు ఒక్క నిమిషం ఆగి, ఎక్కడ కూర్చుంటే ఏం తెలియలేదో ఆ కమిటీ మనిషికి చెప్పి వెళ్లండి. చీటీ మీద రాసి ఇచ్చినా సరే. మర్నాడు సాయంత్రం 4 గంటలకు నిచ్చెన వేసినప్పుడు ఆ చీటీ చూసే బాక్సు తిప్పి కడతాం.

ఇట్లు,
మైకు సెట్లు, సౌండు సిస్టముల పనివారు కొందరు,
విజయనగరం